టెస్ట్‌నెట్ వాలెట్: డబ్బు ఉత్తుత్తిది, తాళంచెవి అసలుది

పాఠకుల సందేహాలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇథీరియం టెస్ట్ నెట్‌వర్కుల మీదే ఉన్నాయి. ఇథీరియం అంటే చాలా కంప్యూటర్లు కలిసి నడిపే ఉమ్మడి ఖాతా పుస్తకం (బ్లాక్‌చెయిన్), దాని నాణెం ఈథర్. టెస్ట్ నెట్‌వర్క్ (టెస్ట్‌నెట్) అంటే అసలు డబ్బు లేకుండా సాధన చేసుకునే దాని నకలు. కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు, ఉద్యోగం మారే ముందు బ్లాక్‌చెయిన్ నేర్చుకుంటున్నవాళ్లు, ఎవరో చెప్పిన మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేనివాళ్లు అందరూ రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాం) రాసి సెపోలియా అనే టెస్ట్ నెట్‌వర్కులో పెట్టాలి. మా అన్నయ్య లాప్‌టాప్‌లో మెటామాస్క్ వాలెట్ ఉంది. అందులో ఆయన కొనుక్కున్న అసలు ఈథర్ కొంత ఉంది. నెట్‌వర్క్ మార్చుకుని దాన్నే వాడుకోవచ్చా? కొత్తది పెట్టుకోవాలంటే ఎలా?
(ఒక విద్యార్థిని, కాకినాడ)

జవాబు: వద్దమ్మా, అన్నయ్య వాలెట్ జోలికి వెళ్లొద్దు. ఇథీరియంలో అసలు నెట్‌వర్కుకూ టెస్ట్ నెట్‌వర్కుకూ అడ్రస్ ఒకటే, ప్రైవేట్ కీ (ఆ అడ్రస్‌లోని డబ్బును కదిలించే రహస్య సంఖ్య) కూడా ఒకటే. పైన పేరు సెపోలియా అని మార్చినప్పుడు వాలెట్ వేరే ఖాతా పుస్తకం తెరిచి చూపిస్తుంది, అంతే. రేపు కాంట్రాక్ట్ డిప్లాయ్ చేయడానికి (నెట్‌వర్కులో పెట్టడానికి) ఆ కీని మీ ప్రాజెక్టు ఫైల్లో పెట్టాల్సి వస్తుంది. ఆ ఫైలు ఎవరి కంట పడినా అన్నయ్య అసలు డబ్బుకు తలుపు తెరిచినట్టే.

కొత్త వాలెట్ పెట్టుకోవడానికి అరగంట చాలు. ముందు క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ ఒకటి తెరవండి. కుడివైపు పైన మీ బొమ్మ మీద నొక్కితే ఆ దారి కనిపిస్తుంది. దానికి 'టెస్ట్' అని పేరు పెట్టి వేరే రంగు ఎంచుకోండి. ఒక ప్రొఫైల్లోని ఎక్స్‌టెన్షన్ ఇంకో ప్రొఫైల్లో కనిపించదు కాబట్టి రెండు వాలెట్లు కలగాపులగం కావు. ఆ ప్రొఫైల్లో మెటామాస్క్ డాట్ ఐఓ అని అడ్రస్ బార్‌లో మీ చేత్తో టైప్ చేసి వెళ్లండి. గూగుల్‌లో వెతికి పైన వచ్చే ప్రకటన మీద నొక్కితే అచ్చం అలాగే ఉండే నకిలీ సైటు తెరుచుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ వేసుకున్నాక కొత్త వాలెట్ అన్న మీట నొక్కండి. గూగుల్ లేదా యాపిల్ అకౌంట్‌తో చేసుకునే వీలు కనిపించినా, మీరు సీక్రెట్ రికవరీ ఫ్రేజ్ దారినే తీసుకోండి. నేర్చుకునేవాళ్లు ఆ పన్నెండు మాటల పద్ధతిని ఒక్కసారైనా చేత్తో చేసి చూడాలి.

తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఆ బ్రౌజర్లో దాచిన కీలకు వేసే తాళం మాత్రమే. వాలెట్‌ను తిరిగి రప్పించే శక్తి దానికి లేదు. ఎక్స్‌టెన్షన్ తీసేసినా, లాప్‌టాప్ ఫార్మాట్ చేసినా మిగిలేది ఆ పన్నెండు ఇంగ్లీషు మాటలే. వాటిని కాగితం మీద పెన్నుతో, వరుస సంఖ్యలు వేసి రాయండి. 2048 మాటల జాబితాలోంచి అవి వస్తాయి. ఏ రెండు మాటలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండకుండా ఆ జాబితా కూర్చారు. అందుకే చేతిరాత ఎలా ఉన్నా మొదటి నాలుగు అక్షరాలు స్పష్టంగా ఉంటే మాట దొరికిపోతుంది. వరుస మారితే మాత్రం పనికిరాదు. పన్నెండో మాటలో సరిచూసుకునే అంకె కొంత దాగి ఉంటుంది కాబట్టి తప్పు వరుసను చాలాసార్లు వాలెట్ ఒప్పుకోదు. ఒకవేళ ఒప్పుకుంటే వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది, 'నా డబ్బేదీ' అని కంగారు పడేది అప్పుడే.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. వాలెట్ ఖాళీగా ఉండగానే అడ్రస్‌లోని చివరి నాలుగు అక్షరాలు కాగితం మీద రాసుకుని, ఎక్స్‌టెన్షన్ తీసేయండి. మళ్లీ వేసుకుని, కాగితం చూసి పన్నెండు మాటలూ కొట్టి వాలెట్‌ను వెనక్కి తెచ్చుకోండి. చివరి నాలుగు అక్షరాలు కలిస్తే మీ కాగితం పనిచేస్తుందన్నమాట. ఈ పరీక్షకు ఇంతకంటే మంచి సమయం రాదు, ఎందుకంటే ఇప్పుడు పోయేదేమీ లేదు.

ఇక నెట్‌వర్కుల జాబితా తెరిచి 'షో టెస్ట్ నెట్‌వర్క్స్' మీట ఆన్ చేస్తే సెపోలియా కనిపిస్తుంది. దాని చెయిన్ ఐడీ (నెట్‌వర్కును గుర్తించే సంఖ్య) 11155111. ప్రతి లావాదేవీ సంతకంలోనూ ఈ సంఖ్య ఉంటుంది. సెపోలియాలో చేసిన సంతకాన్ని ఎవరో ఎత్తుకెళ్లి అసలు నెట్‌వర్కులో నడపకుండా ఆపేది ఇదే. 2016 నుంచీ ఇథీరియంలో ఈ ఏర్పాటు ఉంది.

ప్రశ్న: యూట్యూబ్‌లో ఒక కోర్సు చూస్తూ చేస్తున్నాను. అందులో గోర్లీ అని ఎంచుకోమంటున్నారు. నా వాలెట్‌లో ఆ పేరే లేదు. నా ఫోన్‌లో లోపమా?
(డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: మీ ఫోన్ బాగానే ఉంది, ఆ కోర్సే పాతబడింది. టెస్ట్ నెట్‌వర్కులకు ఆయుష్షు ఉంటుంది. రాప్‌స్టెన్, రింకబీ, కోవన్ ముందే పోయాయి, గోర్లీ 2024లో ముగిసింది. ఇప్పుడు కాంట్రాక్టులు రాసేవాళ్లకు సెపోలియా. వాలిడేటర్లు (లావాదేవీలను సరిచూసి ఖాతాలో చేర్చే కంప్యూటర్లు) నడిపి చూసేవాళ్లకు హోలెస్కీ ఉండేది. 2025 ఫిబ్రవరిలో పెక్ట్రా అనే ఇథీరియం మార్పును పరీక్షిస్తుండగా అది బాగా దెబ్బతింది. మరుసటి నెలలోనే దాని బదులు హూడి మొదలైంది, దాని చెయిన్ ఐడీ 560048. పాలిగాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ కోర్సుల్లో ముంబై అని వినిపిస్తే దాని బదులు అమోయ్ తీసుకోండి, చెయిన్ ఐడీ 80002.

వాలెట్‌లో సిద్ధంగా లేని నెట్‌వర్కును చేత్తో చేర్చుకోవాలంటే ఐదు వివరాలు కావాలి: పేరు, ఆర్‌పీసీ (వాలెట్‌కు నెట్‌వర్క్ సమాచారం ఇచ్చే సర్వరు) చిరునామా, చెయిన్ ఐడీ, నాణెం గుర్తు, ఎక్స్‌ప్లోరర్ (లావాదేవీలు వెతికి చూసే సైటు) చిరునామా. వీటిని ఆ నెట్‌వర్క్ వాళ్ల అధికారిక డాక్యుమెంటేషన్ పేజీలోంచే తీసుకోండి. ఆర్‌పీసీ ఇచ్చే చెయిన్ ఐడీకీ మీరు వేసిన సంఖ్యకూ పొంతన లేకపోతే వాలెట్ ఒప్పుకోదు. ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వస్తే చాలాసార్లు కారణం ఇదే, ఒక అంకె జారి ఉంటుంది.

ప్రశ్న: ఫాసెట్ దగ్గరికి వెళ్తే 'మీ అడ్రస్‌లో అసలు నెట్‌వర్క్ బ్యాలెన్స్ లేదు' అంటోంది. ఉచితంగా ఇచ్చేదానికి ఇదేం షరతు? నాకు ఎంత టెస్ట్ ఈథర్ అవసరమవుతుంది? దీనికి 30 శాతం పన్ను పడుతుందా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: ఫాసెట్ అంటే కొళాయి. టెస్ట్ ఈథర్‌ను కొంచెం కొంచెంగా వదిలే సైటు. కొళాయి వదిలేస్తే వీధిలో మొదట వచ్చినవాడు డ్రమ్ములు నింపుకుపోతాడు. గోర్లీలో జరిగింది అదే. ఉచితంగా వచ్చినదాన్ని పోగేశారు, నిజంగా పరీక్షించుకునేవాళ్లకు దొరక్కుండా పోయింది, చివరికి 2023లో దాన్ని అసలు డబ్బుకు కొని అమ్మారు. అందుకే ఇప్పుడు ఒక్కో ఫాసెట్ ఒక్కో అడ్డు పెడుతోంది. ఆల్కెమీ ఫాసెట్ అసలు నెట్‌వర్కులో 0.001 ఈథర్ ఉన్న అడ్రస్‌కే ఇస్తుంది. గూగుల్ క్లౌడ్ వెబ్3 ఫాసెట్ గూగుల్ అకౌంట్ ఉంటే రోజుకు 0.05 సెపోలియా ఈథర్ ఇస్తుంది. పీకే910 వాళ్ల ఫాసెట్ మీ బ్రౌజర్‌తో లెక్కలు చేయించుకుని, చేసిన పనికి తగ్గట్టు ఇస్తుంది. ట్యాబ్ తెరిచి ఉంచాలి, లాప్‌టాప్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, వేసవి మధ్యాహ్నం ఆ పని పెట్టుకోకండి. పరిమితులు తరచూ మారుతుంటాయి కాబట్టి పేజీ మీద రాసినదే ప్రమాణం.

అడ్రస్‌లో అసలు ఈథర్ అడిగే ఫాసెట్ కోసం మీ టెస్ట్ వాలెట్‌లో డబ్బు వేయొద్దు. అసలు ఈథర్ ఉన్న మిత్రుడు తన అడ్రస్‌కు టెస్ట్ ఈథర్ తెప్పించుకుని, సెపోలియాలో మీకు పంపిస్తే సరిపోతుంది. ఫాసెట్‌కు కావలసింది అడ్రస్ ఒక్కటే. పన్నెండు మాటలు కానీ ప్రైవేట్ కీ కానీ అడిగిందంటే అది దొంగ సైటు, ట్యాబ్ మూసేయండి.

ఎంత కావాలో లెక్క చూద్దాం. గ్యాస్ అంటే నెట్‌వర్క్ మీ కోసం చేసే పనికి కొలత, దాని ధరను గ్వెయ్‌లలో చెబుతారు. ఒక ఈథర్‌కు 100 కోట్ల గ్వెయ్. మామూలు బదిలీకి 21,000 గ్యాస్ పడుతుంది. గ్యాస్ ధర 2 గ్వెయ్ ఉందనుకుంటే 42,000 గ్వెయ్, అంటే 0.000042 ఈథర్. ఒక రోజు కోటా 0.05తో వెయ్యికి పైగా బదిలీలు చేయొచ్చు. కాంట్రాక్ట్ డిప్లాయ్‌కి ఎక్కువ అవుతుంది. కోడ్‌లో ప్రతి బైటుకూ 200 గ్యాస్ పడుతుంది. కాంట్రాక్ట్ గరిష్ఠ పరిమాణం 24,576 బైట్లు కాబట్టి నిల్వకే 49 లక్షల గ్యాస్ దాకా వెళ్లొచ్చు. మీది 15 లక్షల గ్యాస్ తీసుకునే కాంట్రాక్ట్ అనుకుందాం. అదే ధరకు 0.003 ఈథర్ అవుతుంది. రోజు కోటాతో పదహారు సార్లు డిప్లాయ్ చేయొచ్చు. సెపోలియాలో కూడా గ్యాస్ ధర ఒక్కోసారి ఎగబాకుతుంది. గురువారం ప్రాజెక్టు చూపించాలంటే సోమవారం నుంచే రోజూ ఒక చెంబెడు పట్టుకుని పెట్టుకోండి.

పన్ను సంగతి: 30 శాతం పన్ను క్రిప్టో అమ్మి సంపాదించిన లాభం మీద. ఉచితంగా తీసుకుని గ్యాస్‌గా ఖర్చు చేసే టెస్ట్ ఈథర్‌లో లాభం ఎక్కడిది? ఫాసెట్ కోసమని అసలు ఈథర్ కొని తర్వాత అమ్మితే మాత్రం ఆ నియమాలన్నీ వర్తిస్తాయి.

ప్రశ్న: నిన్న సాయంత్రం పంపిన ట్రాన్సాక్షన్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. దాని తర్వాత మరో మూడు పంపాను, అవీ కదలడం లేదు. సొంత కంప్యూటర్‌లో హార్డ్‌హ్యాట్ (పరీక్ష కోసం చిన్న చెయిన్ నడిపే టూల్) నడిపితే 'నాన్స్ టూ హై' అంటోంది. రెండూ ఒకటే జబ్బా?
(ఫ్రీలాన్స్ డెవలపర్, హైదరాబాద్)

జవాబు: మూలం ఒకటే, మందులు వేరు. మీ అకౌంట్ నుంచి వెళ్లే ప్రతి లావాదేవీకీ సున్నా నుంచి మొదలయ్యే వరుస సంఖ్య ఉంటుంది. దాన్నే నాన్స్ అంటారు. 7వది పూర్తికాకుండా 8 ముందుకు పోదు. బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టే.

సెపోలియాలో 12 సెకన్లకో బ్లాక్ వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు దాటితే కారణం దాదాపు ఎప్పుడూ తక్కువ ఫీజే. క్యూలో మొట్టమొదటిది, అంటే అతి చిన్న నాన్స్ ఉన్నది చూసి, దాని మీద 'స్పీడ్ అప్' నొక్కండి. వాలెట్ అదే నాన్స్‌తో ఎక్కువ ఫీజు పెట్టి మళ్లీ పంపుతుంది. పాతదాని కంటే కనీసం 10 శాతం పెంచకపోతే చాలా నోడ్లు (నెట్‌వర్కును నడిపే కంప్యూటర్లు) తీసుకోవు, 'రీప్లేస్‌మెంట్ ట్రాన్సాక్షన్ అండర్‌ప్రైస్డ్' అని తిప్పికొడతాయి. 'క్యాన్సిల్' కూడా మాయ ఏమీ కాదు. అదే నాన్స్‌తో మీకు మీరే సున్నా ఈథర్ పంపుకోవడం. దానికీ ఫీజు పడుతుంది. మొదటిది కదిలితే వెనకున్న మూడూ వాటంతటవే కదులుతాయి. నాలుగింటికీ స్పీడ్ అప్ నొక్కక్కర్లేదు.

హార్డ్‌హ్యాట్ సంగతి వేరు. నోడ్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ చెయిన్ కొత్తగా పుడుతుంది, దాని లెక్క సున్నాకి వస్తుంది. మెటామాస్క్‌కు ఆ విషయం తెలియదు, నిన్నటి 7 దగ్గరే ఉంటుంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ భాగంలోకి వెళ్లి 'క్లియర్ యాక్టివిటీ ట్యాబ్ డేటా' నొక్కండి. పోయేది వాలెట్ గుర్తుపెట్టుకున్న చరిత్ర మాత్రమే. కీలు, బ్యాలెన్సు చెక్కుచెదరవు.

హార్డ్‌హ్యాట్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అది నోడ్ మొదలవగానే తలా 10,000 ఉత్తుత్తి ఈథర్‌తో 20 అకౌంట్లు చూపిస్తుంది. ఆ అకౌంట్ల పన్నెండు మాటలు ప్రపంచంలో ఎవరికైనా ఒకటే: 'టెస్ట్' పదకొండుసార్లు, చివర 'జంక్'. అంటే ఆ కీలు లోకానికంతా తెలుసు. వాటిని మెటామాస్క్‌లోకి ఇంపోర్ట్ చేసుకున్నవాళ్లు ఏమరుపాటున ఆ అడ్రస్‌కు అసలు ఈథర్ పంపించుకుంటే, కాపుకాసుకున్న బాట్లు (వాటంతటవే నడిచే ప్రోగ్రాంలు) క్షణాల్లో ఊడ్చేస్తాయి. ఇంపోర్ట్ చేసిన వెంటనే ఆ అకౌంట్ పేరును 'లోకల్ మాత్రమే' అని మార్చండి.

ప్రశ్న: సర్కిల్ సంస్థ ఫాసెట్ నుంచి సెపోలియా యూఎస్‌డీసీ (డాలరు టోకెన్‌కు టెస్ట్ రూపం) తెచ్చుకున్నాను. వాలెట్‌లో కనిపించలేదు. టోకెన్ ఇంపోర్ట్ చేశాక 10 కనిపించాయి. నా స్క్రిప్ట్‌తో 5 పంపబోతే గ్యాస్ అంచనా వేయలేనంటూ ఆగిపోతోంది. ఈథర్ సరిపడా ఉంది.
(ఎంసీఏ విద్యార్థి, తిరుపతి)

జవాబు: దశాంశాల తప్పు. ఈథర్‌కు 18 దశాంశ స్థానాలు, యూఎస్‌డీసీకి 6. కాంట్రాక్టుకు చుక్క తెలియదు, పూర్ణసంఖ్యలే తెలుసు. దాని లెక్కలో మీ దగ్గరున్న 10 యూఎస్‌డీసీ అంటే 1 కోటి యూనిట్లు. మీరు పంపాల్సింది 50 లక్షల యూనిట్లు. ఈథర్ కోసం రాసుకున్న ఫంక్షన్‌నే ఇక్కడా వాడినట్టున్నారు, అది 5 పక్కన 18 సున్నాలు పెట్టింది. మీ బ్యాలెన్సుకు 50 వేల కోట్ల రెట్లు పంపమన్నారు కాబట్టి కాంట్రాక్ట్ ఒప్పుకోలేదు. 'గ్యాస్ అంచనా వేయలేను' అన్న మాటకు అసలు అర్థం గ్యాస్ తక్కువైందని కాదు. ముందుగా నడిపి చూసినప్పుడే లావాదేవీ విఫలమవుతోందని. ఆ సందేశం కనిపిస్తే ఈథర్ కోసం మళ్లీ ఫాసెట్ చుట్టూ తిరక్కండి, మీరు పంపుతున్న విలువలు చూడండి. దశాంశాల సంఖ్యను కోడ్‌లో చేత్తో రాయకుండా టోకెన్ కాంట్రాక్టులోని 'డెసిమల్స్' ఫంక్షన్‌ను అడిగి తీసుకుంటే ఈ తప్పు మళ్లీ రాదు.

ప్రశ్న: ప్రైవేట్ కీ ఉన్న ఎన్వ్ ఫైలు (ప్రాజెక్టు రహస్యాలు రాసుకునే .env ఫైలు) కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లోకి వెళ్లిపోయింది. రెండు నిమిషాల్లో చూసుకుని తీసేశాను. పర్వాలేదు కదా?
(ఇంజినీరింగ్ విద్యార్థులు, వరంగల్)

జవాబు: పర్వాలేదనుకోకండి. ఫైలు తీసేసినా పాత కమిట్‌లో (గిట్ దాచుకున్న పాత ప్రతిలో) అలాగే ఉంటుంది. పైగా రెపో (మీ కోడ్ ఉంచిన చోటు) అందరికీ కనిపించేదైతే ఇలాంటి కీల కోసం నిరంతరం వెతికే బాట్లకు రెండు నిమిషాలు చాలా ఎక్కువ. ఆ కీ పోయిందనే లెక్క. కొత్త అకౌంట్ చేసుకోండి. పాత అకౌంట్‌లో మిగిలిన టెస్ట్ ఈథర్‌ను అటు పంపండి. మీ కాంట్రాక్ట్‌కు యజమాని హక్కు ఉంటే 'ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్' నడిపి కొత్త అడ్రస్‌కు మార్చండి. ఇది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, ఎందుకంటే ప్రాజెక్టు చూపించే రోజున ఇంకెవరో ఆ హక్కుతో కాంట్రాక్టును స్తంభింపజేస్తే మీరేమీ చేయలేరు. ఫైల్లో ఉన్నది ఒక అకౌంట్ ప్రైవేట్ కీ అయితే ఆ అకౌంట్‌ను వదిలేస్తే సరిపోతుంది. పన్నెండు మాటలే ఉంటే వాటి నుంచి పుట్టిన అకౌంట్లన్నీ పోయినట్టే, వాలెట్ మొత్తం కొత్తగా చేసుకోవాలి.

ఇకముందు ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచిన మొదటి నిమిషంలోనే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) ఎన్వ్ ఫైలు పేరు రాసి, తర్వాతే మొదటి కమిట్ చేయండి. ఇంకా మంచి పద్ధతి కీని ఫైల్లో అసలు రాయకపోవడం. ఫౌండ్రీ అనే డెవలపర్ టూల్ వాడేవాళ్లు 'కాస్ట్ వాలెట్ ఇంపోర్ట్' కమాండ్‌తో కీని పాస్‌వర్డ్ కింద దాచుకోవచ్చు. డిప్లాయ్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ మాత్రం అడుగుతుంది.

ప్రశ్న: బిట్‌కాయిన్‌కీ ఇదే పద్ధతా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: అక్కడ అడ్రసే వేరుగా ఉంటుంది. ఇప్పటి అసలు బిట్‌కాయిన్ అడ్రస్‌లు ఎక్కువగా 'బీసీ1'తో, టెస్ట్‌నెట్‌వి 'టీబీ1'తో మొదలవుతాయి. ఒకదానికి పంపాల్సింది ఇంకోదానికి పంపబోతే వాలెట్టే ఆపేస్తుంది. ఇథీరియంలో ఆ రక్షణ లేదు. కొత్తగా మొదలుపెడితే బిట్‌కాయిన్ టెస్ట్ నెట్‌వర్కుల్లో టెస్ట్‌నెట్4 కానీ సిగ్నెట్ కానీ తీసుకోండి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఒకాయన పరిచయమయ్యాడు. తన దగ్గర టెస్ట్ కాయిన్లు ఉన్నాయనీ, నెట్‌వర్క్ అసలుగా మొదలైన రోజున అవి అసలు కాయిన్లవుతాయనీ, 15,000 రూపాయలకు ఇస్తాననీ అంటున్నాడు. నా ఫోన్‌లో వాలెట్ పెట్టించి, ఏదో నెట్‌వర్క్ చేర్పించాడు. 50,000 యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన టోకెన్లు) కనిపిస్తున్నాయి కూడా. నమ్మవచ్చా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: ఒక్క రూపాయి కూడా పంపకండి మాస్టారూ. టెస్ట్ నెట్‌వర్క్ నాణెం అసలు నాణెంగా మారదు, అవి రెండూ వేర్వేరు ఖాతా పుస్తకాలు. మీ తెర మీద కనిపిస్తున్న 50,000 మాటకొస్తే, వాలెట్ సొంతంగా ఏ లెక్కా వేయదు. మీరు చేర్చిన ఆర్‌పీసీ ఏ అంకె చెబితే ఆ అంకె చూపిస్తుంది. ఆయన చేర్పించిన నెట్‌వర్క్ ఆయన నడుపుతున్నదే అయితే, 50,000 కాదు, 50 కోట్లయినా చూపించగలడు. యూఎస్‌డీటీ అన్న పేరుతో టోకెన్ తయారుచేయడం మా పాఠకుల్లోని బీటెక్ పిల్లలు ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు.

మీరే సరిచూసుకోవచ్చు. మీ అడ్రస్ కాపీ చేసి, బ్రౌజర్లో ఈథర్‌స్కాన్ డాట్ ఐఓ తెరిచి, వెతికే చోట అతికించండి. ఇథీరియంలో మీ పేర నిజంగా ఏమన్నా ఉంటే అక్కడ కనిపిస్తుంది. ఆయన 'ఇది ఇథీరియం కాదు, ఇంకో చెయిన్' అంటే ఆ చెయిన్ పేరు అడగండి, దాని ఎక్స్‌ప్లోరర్‌లోనూ ఇలాగే వెతకండి. దాన్ని ఆయన పంపిన లింకుతో మాత్రం తెరవకండి.

వాలెట్ పెట్టించినప్పుడు పన్నెండు మాటలు ఆయన చూశాడా, ఫొటో పంపమన్నాడా గుర్తు చేసుకోండి. చూసి ఉంటే ఆ వాలెట్ ఇక మీది కాదు, దాంట్లో ఎప్పుడూ డబ్బు వేయకండి. ఫోన్ నుంచి వాలెట్ తీసేసే ముందు ఆ నెట్‌వర్క్ వివరాల పేజీకి, వాట్సాప్ సంభాషణకు, ఆయన ఫోన్ నంబరుకు, డబ్బు వేయమన్న ఖాతా లేదా యూపీఐ ఐడీకి స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఇప్పటికే ఎంతో కొంత పంపి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో ఉండగా ఫిర్యాదు అందితే దాన్ని ఆపే వీలుంటుంది. లావాదేవీ నంబరు, పంపిన తేదీ, సమయం, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, అవే మొదట అడుగుతారు.